ఉర్లగడ్డలో ఉంగరం

ఈసారి గోడపత్రికకి గతించిన ప్రముఖుల జీవితాలు రాయమని మేడమ్ చెప్పగానే మా క్లాసులో గురజాడ, కందుకూరి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ పది నిమిషాల్లో అయిపోయారు. నేను లెస్లీ కోల్మన్ అని రాసిచ్చాను. ఆయనెవరని అందరూ అడిగారు. రోడ్డుకో సర్కిల్‌కో పెట్టిన పేర్లే మనకి నోట్లో ఆడతాయి కాబట్టి అడగడంలో ఆశ్చర్యం లేదు. కానీ మలెనాడు వక్కతోటల వాళ్ళని, మండ్య చెరకు రైతులని, హెబ్బాళ వ్యవసాయ కాలేజీలో చదివిన పెద్దవాళ్ళని అడిగితే కోల్మన్ దొర పేరు తెలియని వాళ్ళు తక్కువ.

తెలుగు విభాగం గోడ మీద ఒక కెనడా ఆయన ఏమిటి అనే ప్రశ్న కూడా వచ్చింది. మా అమ్మవాళ్ళది కన్నడం, నాన్నవాళ్ళది ముళబాగిలు దగ్గర పల్లె. ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి వైపు పొలంలో దిగితే వినబడేది తెలుగే. ఆ పొలాల్లో మిరపని, టమాటాని, వంగని, ఉర్లగడ్డని నిలువునా చంపే ఒక తెగులు ఉంది. దాని మీద మైసూరు రాష్ట్రంలో మొదట పుస్తకం వేసిన మనిషి ఈయన. (ఉర్లగడ్డ అంటే బంగాళదుంప. మా ఇంట్లో ఇంకో మాట లేదు.)

లెస్లీ చార్లెస్ కోల్మన్ 1878లో కెనడాలోని ఒంటారియోలో పుట్టారు. టొరంటో యూనివర్సిటీలో చదువుకుని, తర్వాత జర్మనీలో గోటింగెన్‌కి వెళ్ళి డాక్టరేటు చేశారు. ఆ పరిశోధన నేలలో ఉండే బాక్టీరియా మీద. నేలలోని నత్రజనిని మొక్క వేళ్ళు తాగగలిగిన రూపానికి మార్చిపెట్టే బాక్టీరియా కొన్ని ఉంటాయి. అవి ఏ పరిస్థితుల్లో బాగా పనిచేస్తాయి అన్నది ఆయన చూసిన విషయం. అంటే రైతుకి మేలు చేసే సూక్ష్మజీవులతో ఆయన చదువు మొదలైంది. ఆ తర్వాత బతుకంతా కీడు చేసే వాటితో గడిచింది.

1908లో మైసూరు సంస్థానం ఆయన్ని పిలిచి ఉద్యోగం ఇచ్చింది. పదవి పేరు వింటే నవ్వొస్తుంది: శిలీంధ్ర శాస్త్రవేత్త, కీటక శాస్త్రవేత్త, రెండూ ఒక్కరే. అంటే మొత్తం సంస్థానంలో పంటకి బూజు పట్టినా, పురుగు పట్టినా ఒక్క మనిషినే అడగాలి. అప్పటికి ఆయన వయసు 30. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగి మూడేళ్ళే అయింది. టాటా ఇన్‌స్టిట్యూట్ అని మనం పిలిచే ఐఐఎస్‌సీ ఇంకా ఏర్పడలేదు. హెబ్బాళ అప్పుడు ఊరి బయట. 1899లో మహారాణి కెంపనంజమ్మణ్ణి ప్రయోగాల కోసం ఇచ్చిన 30 ఎకరాల పొలం అక్కడ ఉండేది. ఇవాళ ఆ ఫ్లైఓవర్ మీద గంటసేపు బస్సులో ఇరుక్కున్నప్పుడు కిటికీలోంచి చూసి ఇదంతా రాగి చేను అని ఊహించుకోవడం కష్టమే.

1909లో ఆయన శాఖ నుంచి వెలువడిన తొలి బులెటిన్ ఉర్లగడ్డకి వచ్చే ఉంగరం తెగులు మీద. ఈ తెగులు తగిలిన గడ్డని అడ్డంగా కోస్తే తొక్కకి కాస్త లోపల గోధుమరంగు వలయం కనిపిస్తుంది, అచ్చం ఉంగరం పెట్టినట్టు. గాజు తెగులు అనే అర్థం వచ్చే పేరు కూడా దీనికి ఉండేది. పేరు అందంగానే ఉంది. ఆ వలయాన్ని వేలితో నొక్కితే తెల్లగా, జిగటగా చీములాంటిది వస్తుంది. చేలో అయితే మొక్క మధ్యాహ్నం పూట తల వాల్చేస్తుంది, సాయంత్రానికి మళ్ళీ లేస్తుంది, రెండు మూడు రోజులు ఇలా ఆశ పెట్టి తర్వాత లేవదు. ఆకు పసుపెక్కదు, మచ్చలు పడవు. పచ్చగా ఉండగానే చస్తుంది.

మిరపలో కూడా అంతే. రెండేళ్ళ కింద మా తాత చేలో ఇదే జరిగింది. నీళ్ళు చాలలేదేమో అని తాత ఇంకా నీళ్ళు కట్టాడు. అది ఈ తెగులుకి పండగ. తర్వాత ఒక మందుల కొట్టు ఆయన బూజు మందు పొడి ఇచ్చాడు, మొదళ్ళలో పొయ్యమని. మూడు సార్లు పోశారు. డబ్బు పోయింది, మొక్కలూ పోయాయి, అవ్వ మాత్రం ఎవరి కన్నో పడిందని గుమ్మడికాయ కొట్టింది. చివరికి వ్యవసాయ డిప్లొమా చదువుతున్న మా చిన్నాన్న కొడుకు వచ్చి, వాడిన మిరప మొక్కని పీకి, మొదలు దగ్గర కాండం కోసి, ఆ ముక్కని గాజు గ్లాసులో నీళ్ళ పైన వేలాడేట్టు పట్టుకున్నాడు. కోసిన వైపు మాత్రం నీళ్ళలో మునిగింది. కొన్ని నిమిషాలకి ఆ ముక్క లోంచి పాల దారాల్లాంటివి సన్నగా కిందికి దిగసాగాయి. అందరం చుట్టూ చేరి చూశాం. ఆ దారమంతా బాక్టీరియానే, లక్షలు కోట్లుగా. బూజు వల్ల వచ్చే ఎండు తెగులైతే ఆ దారం రాదు. గ్లాసుడు నీళ్ళు చాలు, ల్యాబ్ అక్కర్లేదు. బూజు మందు ఎందుకు పని చెయ్యలేదో తాతకి అప్పుడు అర్థమైంది.

ఆ గ్లాసు చూశాకే ఈ సంగతి ఎవరు ఎప్పుడు కనిపెట్టారా అని వెతకడం మొదలుపెట్టాను, అలా వెతుకుతూ పోతే కోల్మన్ దొరికారు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. మొక్కలకి బాక్టీరియా వల్ల జబ్బు వస్తుందన్న మాటని 19వ శతాబ్దంలో చాలామంది పెద్దలు నమ్మలేదు. కోల్మన్ పుట్టిన 1878లోనే అమెరికాలో బరిల్ అనే ఆయన పియర్ చెట్ల మాడు తెగులుకి బాక్టీరియా కారణమని చెప్పారు. అయినా జర్మనీలో ఆల్ఫ్రెడ్ ఫిషర్ అనే వృక్షశాస్త్రవేత్త అది అసాధ్యమని పట్టుబట్టారు. మొక్క చచ్చాక బాక్టీరియా చేరుతుంది, చంపేది మాత్రం వేరే ఏదో అని ఆయన వాదన. అమెరికా వ్యవసాయ శాఖలో ఎర్విన్ స్మిత్ ఈ వాదనకి ఎదురు నిలబడ్డారు. 1896లో టమాటా, వంకాయ, ఉర్లగడ్డలని వాడగొట్టే బాక్టీరియాని విడదీసి, వర్ణించి, పేరు పెట్టింది ఆయనే. ఆ పేరు తర్వాత చాలాసార్లు మారి 1995 నుంచి రాల్‌స్టోనియా సొలనేసియారమ్‌గా ఉంది. మిరపని చంపేదీ అదే. కోల్మన్ బులెటిన్‌లోని ఉంగరం వెనక ఉన్నదీ అదే.

ఒక బాక్టీరియాయే దోషి అని నిరూపించడం ఎలాగో మనలాంటి ఆర్ట్స్ వాళ్ళకి పెరుగుతో చెప్పొచ్చు. పాలు పెరుగైంది తోడు వల్లేనని ఒకరికి రుజువు చెయ్యాలి అనుకోండి. పెరుగు ఉన్న ప్రతి గిన్నెలోనూ ఆ సూక్ష్మజీవి ఉందని మొదట చూపించాలి. తర్వాత దాన్నొక్కదాన్నే, ఇంకేదీ కలవకుండా, విడిగా పెంచాలి. కాచి చల్లార్చిన పాలలో దాన్ని వేస్తే పాలు తోడుకోవాలి, వెయ్యని గిన్నె పాలుగానే ఉండాలి. కొత్త పెరుగులోంచి మళ్ళీ తీస్తే అదే జీవి దొరకాలి. రాబర్ట్ కాఖ్ మనుషుల జబ్బులకి పెట్టిన నియమాలు ఇవే, మొక్కలకీ ఇవే. వినడానికి సులువే. మిరప కాండంలో ఉన్న వంద రకాల జీవుల నుంచి ఒక్కదాన్ని విడదీయడం, అదీ వంద ఏళ్ళ కిందటి సామానుతో, ఎంత ఓపిక పనో మా క్లాసులో ఇడ్లీ పిండి పులియబెట్టడం కూడా కుదరని వాళ్ళం ఆలోచించుకోవాలి.

మనది ఆడపిల్లల కాలేజీ కనుక ఇంకో మాట. స్మిత్ తన ల్యాబ్‌లో 20 మందికి పైగా స్త్రీలకి ఉద్యోగాలు ఇచ్చారు. నెల్లీ బ్రౌన్, ఫ్లోరెన్స్ హెడ్జెస్, ఆగ్నెస్ క్విర్క్, షార్లట్ ఇలియట్ లాంటి వాళ్ళు అక్కడివాళ్ళే. ఇక కోల్మన్ బెంగళూరులో దిగిన ఆ 1908లోనే దక్షిణాఫ్రికాలో ఎథెల్ డాయిడ్జ్ అనే 21 ఏళ్ళ అమ్మాయి వ్యవసాయ శాఖలో సహాయకురాలిగా చేరింది. మామిడికి వచ్చే బాక్టీరియా తెగులు మీద పనిచేసి 1914లో డాక్టరేటు తీసుకుంది. ఆ దేశంలో డాక్టరేటు పొందిన తొలి మహిళ ఆమె. 1920 ప్రాంతంలో టమాటా కాయల మీద పొక్కుల్లాంటి మచ్చలు పెట్టే బాక్టీరియాని వర్ణించి పేరు పెట్టింది. మిరప ఆకు మీద నీరు పట్టినట్టు చిన్న చుక్కలు వచ్చి, ముదిరి, ఆకు రాలిపోతుంది చూశారా, ఆ మచ్చ తెగులు ఈ కుటుంబానిదే. మిరపలో ఎక్కువగా కనబడే రకానికి 2004లో వేరే పేరు ఇచ్చారు గానీ ఆ పేరులో కూడా ఆమె పెట్టిన మాట మిగిలింది. ఆమె మీద ఎవరైనా వచ్చే సంచికకి రాస్తే బాగుంటుంది. నేను కోల్మన్ దగ్గరికి వస్తాను.

ఉంగరం తెగులుకి మందు అప్పుడూ లేదు, ఇప్పటికీ లేదంటే లేనట్టే. బాక్టీరియా నేలలో ఉంటుంది, వేరుకి తగిలిన చిన్న గాయంలోంచి లోపలికి పోతుంది, నీళ్ళు పైకెక్కే గొట్టాల్లో పెరిగి తన జిగటతో వాటిని మూసేస్తుంది. మొక్క చుట్టూ నీళ్ళున్నా మొక్క దాహంతో చస్తుంది. పైన ఏం చల్లితే గొట్టంలోకి పోతుంది? కాబట్టి చెయ్యగలిగిందంతా ముందు జాగ్రత్తే. ఉంగరం ఉన్న గడ్డని విత్తనానికి వాడకూడదు. జబ్బు గడ్డని కోసిన కత్తితో మంచి గడ్డని కొయ్యకూడదు. తెగులు పడ్డ చేను నీళ్ళు పక్క చేలోకి పారనివ్వకూడదు. మిరప పోయిన చోట టమాటా, టమాటా పోయిన చోట వంగ వేస్తే లాభం లేదు, అన్నీ ఒకే ఇంటి పిల్లలు. మధ్యలో రాగో జొన్నో వెయ్యాలి. మా తాత ఆ చేలో ఇప్పుడు రాగి వేశాడు. రాగికి వచ్చే డబ్బు మిరపకి వచ్చే దాంట్లో సగం కూడా ఉండదని నాయన గొణుగుతూనే ఉన్నాడు, అదీ నిజమే. కారణం తెలిసినంత మాత్రాన నష్టం పూడదు. మూడు సార్లు మందు పొయ్యడం మాత్రం ఆగుతుంది.

కోల్మన్‌కి అసలు పేరు తెచ్చింది మాత్రం వక్క. మలెనాడులో వానాకాలం మొదలవగానే పచ్చి వక్కకాయలు కుళ్ళి, తెల్లటి బూజు పట్టి, గుత్తులు గుత్తులుగా రాలేవి. కన్నడంలో కొళె రోగ అంటారు, కుళ్ళు రోగం అని. ఏడాది పంట మొత్తం నెల రోజుల్లో నేలపాలు. రైతులు అంతకు ముందు నుంచి తమ ఉపాయం తాము చేస్తూనే ఉన్నారు: గడ్డితోనో వక్క పట్టలతోనో గొడుగులు అల్లి, చెట్టెక్కి, గుత్తి గుత్తికీ కట్టేవాళ్ళు. వాన తడి తగలకపోతే రోగం రాదని వాళ్ళకి తెలుసు. నా ఉద్దేశంలో ఇదీ శాస్త్రమే, కారణం పేరు తెలియదు అంతే. కాకపోతే ప్రతి చెట్టుకీ కట్టాలంటే అయ్యే ఖర్చు, మనుషులు అంతా ఇంతా కాదు.

ఇది బాక్టీరియా పని కాదు. ఫైటాఫ్తొరా అనే జీవిది. ఐర్లండులో 1840లలో ఉర్లగడ్డ పంటని నాశనం చేసి కరువు తెచ్చిన దానికి దాయాది. కోల్మన్ దాన్ని పట్టి పరిశీలించి 1910లో బులెటిన్ వేశారు. మందుగా ఆయన ఎంచుకున్నది బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం నీళ్ళు. ఫ్రాన్సులో బోర్డో ఊరి ద్రాక్షతోటల నుంచి 1885లో లోకానికి తెలిసిన మందు. కానీ ఫ్రాన్సు వాన వేరు, ఆగుంబె వైపు వాన వేరు. మలెనాడు జడివానలో ఆ నీలం పూత ఎంతసేపు నిలుస్తుంది? అందుకని దాంట్లో జిగురు పదార్థాలు కలిపి, వానకి కొట్టుకుపోకుండా కాయకి పట్టుకునేట్టు చేసే పని మీద ఆయన చాలా కష్టపడ్డారు. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, నెలన్నర అటూ ఇటూగా మళ్ళీ ఒకసారి చల్లాలి. ఇవాళ కూడా శివమొగ్గ వైపు జూన్ ముందు వెళితే వక్కచెట్ల మొదళ్ళు నీలంగా కనబడతాయి. నూరేళ్ళు దాటినా ఆ మందు, ఆ లెక్క మారలేదు. మా అమ్మ పుట్టింటి వాళ్ళకి చిన్న వక్కతోట ఉంది, అక్కడ దాన్ని ఎవరూ కోల్మన్ మందు అనరు, ఉట్టి బోర్డో అంటారు.

పురుగుల సంగతి చెప్పకుండా వదిలితే ఆయన పదవిలో సగం వదిలినట్టు. దక్కనులో జొన్న చేలని తినేసే ఒక రెక్కల్లేని మిడత ఉంది. దాన్ని కోల్మన్ పరిశీలించి నమూనాలు పంపితే, స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త బొలీవర్ 1910లో దానికి కొలెమానియా అని ఆయన పేరే పెట్టారు. ఎగరలేదు కాబట్టి సంచులు లాగి పట్టొచ్చు. ఇలాంటి పనుల్లో ఆయనకి తోడుగా కున్హి కన్నన్ కీటకాల వైపు, ఎం. జె. నరసింహన్ తెగుళ్ళ వైపు ఉన్నారు. ఇద్దరూ తర్వాత తమ తమ రంగాల్లో పేరు తెచ్చుకున్నారు. పై ఉద్యోగాలన్నీ దొరలవే అయిన కాలంలో ఈ దేశపు కుర్రవాళ్ళు పుస్తకాల మీద తమ పేర్లతో కనిపించడం నాకు నచ్చిన విషయం.

1913లో కోల్మన్ మైసూరు వ్యవసాయ శాఖకి డైరెక్టర్ అయ్యారు. అప్పుడు దివాను విశ్వేశ్వరయ్య. అదే ఏడు హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల మొదలైంది. అది 1946లో కాలేజీ అయింది, 1964లో దాని చుట్టూ వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. మన కాలేజీ నుంచి అక్కడి కృషి మేళాకి వెళ్ళి వేరుశనక్కాయలు తిని సెల్ఫీలు దిగి వచ్చేవాళ్ళు ఏటా ఉంటారు, ఈసారి వెళితే తెగుళ్ళ విభాగం స్టాల్ కూడా చూడండి.

డైరెక్టర్ అయ్యాక పని విస్తరించింది, నాకు ఆసక్తి కాస్త తగ్గింది, అందుకని తొందరగా చెప్పేస్తాను. 1920లో మైసూరులో రాగి సాగు మీద ఒక బులెటిన్ రాశారు. పేదవాళ్ళ తిండి అని పెద్ద శాస్త్రవేత్తలు అంతగా పట్టించుకోని గింజ అది, ఆయన పట్టించుకున్నారు. 1925లో బాళెహొన్నూరు దగ్గర కాఫీ పరిశోధన కేంద్రం వచ్చింది. దేశంలో కాఫీకి అదే ముఖ్య పరిశోధనా స్థలం ఇప్పటికీ. కావేరి నీళ్ళు కాలువల్లో మండ్యకి వచ్చాక ఆ నీళ్ళతో ఏం పండించాలన్న ప్రశ్నకి చెరకు అని చెప్పిన వాళ్ళలో ఆయన ముందున్నారు. 1933లో మైసూరు షుగర్ కంపెనీ ఏర్పడింది. బస్సులో మైసూరు వెళ్ళేటప్పుడు మండ్య దగ్గర కిటికీలోంచి వచ్చే బెల్లం వాసనకి మూలం అక్కడే ఉంది.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకొక సందేహం వచ్చింది. ఆయన సంస్థానం జీతగాడు, వక్క, కాఫీ, చెరకు అన్నీ పన్నులు తెచ్చే పంటలు. రైతు మీద ప్రేమతో చేశారా, ఉద్యోగం కనుక చేశారా? పేరున్న వాళ్ళ జీవితాలు రాసేవాళ్ళు ఎప్పుడూ ప్రేమ అనే రాస్తారు. అంత దూరం నేను పోను. కానీ చేరిన మరుసటి ఏడాదే, రాజధాని చుట్టుపక్కల మడుల్లో ఉర్లగడ్డ వేసుకునే వాళ్ళ తెగులుని మొదటి పుస్తకానికి ఎంచుకున్నారు. వక్కకి ఆ తర్వాత ఏడాది వచ్చారు. ఆ వరస చూసి ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవచ్చు.

1934లో ఆయన మైసూరు కొలువు వదిలి కెనడా వెళ్ళిపోయారు. పరిశోధన మాత్రం వదల్లేదు, అక్కడ మొక్కలకి వచ్చే వైరస్‌ల మీద పనిచేశారు. బూజు, బాక్టీరియా, మిడత అయ్యాక చివరికి మామూలు మైక్రోస్కోపుకి కూడా దొరకనిది పట్టుకున్నారన్న మాట. 1954లో కన్నుమూశారు.

ఉంగరం తెగులు మాత్రం ఇప్పటికీ మన చుట్టూనే ఉంది. 200కు పైగా రకాల మొక్కలకి వస్తుందని లెక్క తేల్చారు, అల్లం, అరటి కూడా అందులో ఉన్నాయి. ఇప్పుడు కొన్నిచోట్ల తెగులుని తట్టుకునే వంగ వేరు మీద టమాటాని అంటు కడుతున్నారు. మా చిన్నాన్న కొడుకు ఈ వేసవిలో పది మొక్కలు అలా కట్టి చూస్తానంటున్నాడు. హాస్టల్ మేడ మీద కుండీల్లో మిరప పెంచే అమ్మాయిలు ముగ్గురున్నారు, ఆకు పచ్చగా ఉండగా మొక్క వాలిపోతే పారెయ్యకుండా నాకు చెప్పండి. గాజు గ్లాసు నేను తెస్తాను.